కుడి భుజం మీద గొడుగు

ఆగస్టు 4

ప్రిన్సిపాలు గారు గదికి పిలిపించి చల్లగా కబురు చెప్పారు. ఈ ఏడాది తర్కశాస్త్రం తీసుకున్న విద్యార్థి ఒక్కడూ లేడట. కనుక తర్కశాస్త్రం అధ్యాపకుడు కూడా అక్కర్లేదట. ఈ వాదనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను పట్టలేదు కూడా. లేచి వచ్చేయబోయాను.

"కూర్చోండి మాస్టారూ, ఇంకో దారుంది," అన్నారాయన. "మనం ఫుట్‌బాల్ జట్టు పెడుతున్నాం. వంతెన అవతలి కాలేజీకి ఉంది, వైద్య కళాశాలకి ఉంది, మనకే లేదు. జట్టన్నాక కోచ్ ఉండాలి కదా. మీరుంటారా?"

"నేనెప్పుడూ బంతి తన్నలేదండీ."

"మన కాలేజీలో ఎవరు తన్నారు గనక? మీరు పొద్దున్నే మైదానం చుట్టూ చకచకా నడుస్తుంటారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

నేను చకచకా నడిచేది ఆయన కంట పడకుండా తప్పించుకోవడానికి. ఆ సంగతి ఇప్పుడెందుకని ఊరుకున్నాను.

ఉద్యోగం ఈ ఒక్క సీజనుకే. ఆఖరి పోటీ చూశాక పోస్టు ఉంచాలో ఎత్తేయాలో కాలేజీ కమిటీ తేలుస్తుంది. ఎత్తేస్తే పోస్టుతోపాటు కాలేజీవారి క్వార్టరు కూడా ఖాళీ చేయాలి. ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా ఆవిడ బట్టలు మడతపెట్టడం ఆపకుండానే, "దానికంత బెంగెందుకండీ? మా తమ్ముడింట్లో మేడ మీద గది ఖాళీగానే ఉందిగా," అంది.

ఆ మాట వినగానే నాకు ఫుట్‌బాల్ మీద ఎక్కడలేని మక్కువ పుట్టుకొచ్చింది.

ఆగస్టు 5

ఆ తమ్ముడే వంతెన అవతలి కాలేజీ కోచ్. నా అదృష్టం అలా ఏడిసింది.

వాడు నిజంగా ఆడినవాడు. పిక్కలు రోకళ్లలా ఉంటాయి. పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వస్తాడు, మారు అడిగి మరీ పెట్టించుకుంటాడు, నన్ను 'బావగారూ' అంటాడు. ఆ 'గారూ'లో గౌరవం ఎంత, వెటకారం ఎంత అన్నది ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. వాడి మేడ మీద గదిలో ఉండటమంటే రోజూ ఆ 'గారూ' వింటూ మెట్లెక్కడం. అంతకంటే బంతి నయం.

ఆగస్టు 8

నియమాల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను. బంతి తన్నడం కూలిపని. ఎటు తన్నాలో చెప్పడం శాస్త్రం. కోచ్ బంతిని తాకాలని పుస్తకంలో ఎక్కడా లేదు. నేనూ తాకదలచుకోలేదు.

కానీ ఒక దుర్మార్గపు నియమం ఉంది. ఆట నడుస్తున్నంతసేపూ కోచ్ గీత బయట కుర్చీలో కూర్చోవాలి, నోరు విప్పకూడదు. ఒక్క మాట దొర్లినా రెఫరీ అవతలి జట్టుకి ఫ్రీ కిక్ ఇస్తాడు. కుర్రాళ్ల ఆట కుర్రాళ్లే ఆడుకోవాలట, పెద్దవాళ్లు పక్కన నిలబడి అరిచి ఆడించడం మర్యాద కాదట. ఇన్నాళ్లూ మాట్లాడి బతికినవాణ్ణి ఇప్పుడు నోరు మూసుకుని బతకమంటే ఎలా?

ఆగస్టు 9

నియమంలో ఉన్నది నోరు. గొడుగు మాట లేదు.

ఆగస్టు 13

సంకేతాలు పూర్తయ్యాయి. గొడుగు ఎడమ భుజం మీద ఉంటే మనవాళ్లు ఎడమవైపు నుంచి దాడి చేయాలి. కుడి భుజం మీద ఉంటే కుడివైపు నుంచి. ఒళ్లో అడ్డంగా ఉంటే నడిమధ్య నుంచి. విప్పి నెత్తిన పట్టుకుంటే అందరూ వెనక్కి వచ్చి గోలు కాచుకోవాలి. చంకలో ఉంటే ఏమీ లేదు, నేను ఆలోచిస్తున్నానని అర్థం.

వీధివైపు గదిలో నల్లబల్ల మీద బొమ్మలు గీసి జట్టుకి పాఠం చెప్పాను. పదకొండు మందీ బుద్ధిగా విన్నారు. కెప్టెన్ మరీ బుద్ధిమంతుడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, గుబురు కనుబొమలు, ఏం చెప్పినా "అలాగే సార్" అంటాడు. తర్కశాస్త్రం చెప్పినన్నేళ్లలో నాకు ఇలాంటి శిష్యుడు దొరకలేదు.

వీధిలో పోయేవాళ్లు కిటికీ దగ్గర ఆగి మరీ విన్నారు. వాళ్లలో వేరే కాలేజీల చారల చొక్కాలు కూడా కనిపించాయి. ఒకరిద్దరు రాసుకున్నారు. జ్ఞానానికి ఎల్లలు లేవు. కిటికీ తలుపులు ఇంకాస్త బార్లా తెరిపించాను.

ఆగస్టు 17

బావమరిది భోజనానికి వచ్చాడు. గోడకి ఆనించి ఉన్న గొడుగు చూసి, "వాన కూడా లేదు, ఇదెందుకు బావగారూ?" అన్నాడు.

"అది నీకు చెప్పేది కాదు. రహస్యం."

"అలాగైతే వద్దులెండి," అని వాడు మళ్లీ తినడంలో పడ్డాడు. అంత తేలిగ్గా వదిలేయడం నాకు నచ్చలేదు. వాడికి ఈ విషయం లోతు తెలియడం లేదు. అందుకని మంచినీళ్ల గ్లాసులు వాళ్ల జట్టుగా, చెంచాలు మా జట్టుగా బల్ల మీద పేర్చి సూత్రప్రాయంగా కాస్త వివరించాను. "మరి ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటేనో?" అని అడిగాడు. అదీ చెప్పాను. చెప్పినా వాడికి ఎక్కదు. వాడి తెలివి అంతా పిక్కల్లోనే ఉంది.

మా ఆవిడ వడ్డిస్తూ ఒకసారి వాడి వంక, ఒకసారి నా వంక చూసింది. ఆవిడకి కూడా ఎక్కలేదనుకుంటాను.

ఆగస్టు 30

ఓడిపోయాం.

ఆగస్టు 31

రాయడానికి ఇవాళ ఓపిక వచ్చింది. వంతెన అవతలి కాలేజీతో మొదటి ఆట. ఆరు గోల్స్. మనవి కావు.

నా సంకేతాల్లో లోపం లేదు. మనవాళ్లు వాటిని తు.చ. తప్పకుండా పాటించారు. ఎడమ భుజం మీద పెడితే ఎడమకి వెళ్లారు, కుడి భుజం మీద పెడితే కుడికి వెళ్లారు. అయితే మనవాళ్లు వెళ్లేసరికి అక్కడ అవతలి వాళ్లు అప్పటికే నిలబడి ఉన్నారు. ప్రతిసారీ. ఇది కేవలం కాకతాళీయం. కాకతాళీయానికి ఏ శాస్త్రంలోనూ మందు లేదు.

బావమరిది ఇవాళ భోజనానికి వచ్చి, "మీ గొడుగు భలే ఉంది బావగారూ," అన్నాడు. ఓడిన వాళ్లను ఊరడించే సంస్కారం వాడిలో ఉందని అనుకోలేదు.

సెప్టెంబరు 3

చిరిగిన జట్టు చొక్కాలు కుట్టించుకోవడానికి కుర్రాళ్లంతా మా పెరట్లో చేరారు. మా ఆవిడ సూది దారం పట్టుకుని మధ్యలో కూర్చుంది. కెప్టెన్ ఏదో చెబుతున్నాడు, అందరూ తలలు దగ్గర పెట్టి వింటున్నారు. నేను తలుపు దగ్గరికి రాగానే ఠక్కున మాటలు ఆగిపోయాయి. లేచి నిలబడ్డారు.

"ఇకమీదట నా గొడుగు మీదే దృష్టి పెట్టండి. ఒక్క కదలిక కూడా వదలొద్దు," అన్నాను.

"అలాగే సార్. అదే అనుకుంటున్నాం," అన్నాడు కెప్టెన్.

మా ఆవిడ దారం కొరుకుతూ తల దించుకుంది. ఓడిపోయినా గురువు మీద ఇంత భక్తి ఉండటం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

సెప్టెంబరు 20

నెగ్గాం. వైద్య కళాశాల మీద, రెండు గోల్స్ తేడాతో. నా సిద్ధాంతం నిలబడింది.

సెప్టెంబరు 21

నిన్నటి ఆట గురించి ఒక చిన్న సందేహం. నేను గొడుగు కుడి భుజం మీద పెట్టినప్పుడు మొదటి గోలు ఎడమవైపు నుంచి వచ్చింది. ఎడమ భుజం మీద పెట్టినప్పుడు రెండోది కుడివైపు నుంచి వచ్చింది. ప్రాక్టీసులో అడిగితే కెప్టెన్ కాసేపు నీళ్లు నమిలి, "మీరు చెప్పిందే చేశాం సార్, కొంచెం చుట్టు తిరిగి వెళ్లాం," అన్నాడు.

బాగా ఆలోచించాను. ఇందులో మర్మం బోధపడింది. మంచి శిష్యుడు గురువు మాటలో అక్షరాన్ని కాదు, సారాన్ని పట్టుకుంటాడు. వీళ్లు సారం పట్టుకున్నారు.

అక్టోబరు 11

మళ్లీ నెగ్గాం.

అక్టోబరు 14

పత్రికలో మా జట్టు గురించి నాలుగు వాక్యాలు వేశారు. నన్ను 'గొడుగు మాస్టారు' అన్నారు. వీధిలో ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా దారిచ్చి నమస్కారం పెడుతున్నారు. మంగలి గడ్డం గీస్తూ, "తమరు గొడుగు విప్పితే అవతలి జట్టుకి కాళ్లాడవంట కదండీ," అన్నాడు. నేను కాదనలేదు. మెడ మీద కత్తి ఉంది.

'క్రీడలందు ఛత్ర ప్రయోగము' అని ఒక గ్రంథం రాస్తే బాగుంటుంది. మొదటి అధ్యాయం తర్కం, రెండోది గొడుగు ఎంపిక.

అక్టోబరు 19

బావమరిది భోజనం చేస్తూ, "మీ ఆటలు చూద్దామంటే కుదరడం లేదు బావగారూ. మీకున్న రోజునే మాకూ ఉంటున్నాయి. ఎలా నెగ్గుతున్నారో తెలియడం లేదు," అన్నాడు. వాడి మొహంలో నిజంగానే అయోమయం ఉంది. నేను చెయ్యి కడుక్కుని చిరునవ్వు నవ్వాను. ఆ చిరునవ్వు నాకే నచ్చింది.

నవంబరు 1

ఇంకో గెలుపు. మొత్తం గెలుపుల్లో మాది రెండో స్థానం. ఆఖరి పోటీకి చేరాం. అవతల ఎవరో రాయనక్కర్లేదు.

ఒక్కటే కంట్లో నలుసు. కమిటీ అధ్యక్షుడు ఇవాళ ఆట చూడటానికి వచ్చాడు. కలప వ్యాపారి. కాలేజీలో బల్లలన్నీ ఆయనవే. మనవాళ్లు గోలు కొట్టినప్పుడు చప్పట్లు కూడా కొట్టలేదట. "ఆయన కుడి చూపిస్తే వీళ్లు ఎడమకి పోతున్నారేమిటండీ? చెప్పిన మాట వినని పిల్లలకి కోచ్ ఎందుకు? పోస్టు దండగ," అన్నాడట ప్రిన్సిపాలు గారితో. దుంగలు కొలిచేవాడికి సూక్ష్మం ఏం తెలుస్తుంది?

ఏమైనా, ఆఖరి పోటీ చూశాకే తేలుస్తామన్నారట. నెగ్గితే నోరు మూయక ఏం చేస్తాడు?

నవంబరు 9

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

భోజనమయ్యాక బావమరిది వెళ్లిపోయాడు. నేను మా ఆవిడని పిలిచి, ఆఖరి పోటీకి సంకేతాలన్నీ మార్చేస్తున్నానని చెప్పాను. పాతవి మీ తమ్ముడికి కాస్తో కూస్తో తెలుసు, కొత్తవైతే వాడి కళ్లు తిరుగుతాయి అన్నాను. ఆవిడ కుడుతున్న చొక్కా పక్కన పెట్టింది.

"మార్చొద్దండీ."

"ఏం?"

"పాతవే బాగున్నాయి కదా."

"పాతవి వాడికి తెలుసని చెబుతున్నాగా."

"అందుకే బాగున్నాయి."

నాకు అర్థం కాలేదు. ఆవిడ సూదిని చొక్కాకి గుచ్చి పెట్టింది. తరవాత చెప్పింది, చంటిపిల్లాడికి మందు పట్టించినంత నెమ్మదిగా. "మీ సంకేతాలు మా తమ్ముడొక్కడికే కాదు, అన్ని కాలేజీల వాళ్లకీ తెలుసు. కిటికీ తెరిచి చెప్పారు కదా. మీరు ఏ భుజం మీద పెడితే అవతలి వాళ్లంతా అటు పోయి కాస్తారు. మన పిల్లలు రెండోవైపు నుంచి వెళ్తారు. మొదటి ఆట ఓడిపోయాక మన పెరట్లోనే కూర్చుని అలా అనుకున్నారు. ఇందులో మీ తప్పేం లేదు. మీరు చాలా బాగా చూపిస్తున్నారు. అలాగే చూపించండి."

ఆ మాట ఆవిడ నిజంగా మెచ్చుకుంటూనే అంది. అదే నన్ను ఎక్కువ కోసింది.

నవంబరు 10

తలనొప్పి. భోజనం చేయలేదు.

నవంబరు 11

ప్రాక్టీసుకి వెళ్లలేదు. వెళ్లకపోయినా బ్రహ్మాండంగా జరిగిందట.

నవంబరు 12

భోజనం చేయలేదు. మా ఆవిడ గది తలుపు దగ్గర నిలబడి, "నాలుగు మెతుకులైనా తినండీ," అంది. "మీ తమ్ముడికి పెట్టు," అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పొలంలో పిట్టల్ని తోలే దిష్టిబొమ్మకి కూడా గొడుగు పట్టించవచ్చు. దానికి క్వార్టరు ఇవ్వనక్కర్లేదు, తలనొప్పి కూడా రాదు.

నవంబరు 15

పొద్దున అద్దం ముందు నిలబడి గొడుగు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటుంటే ఉన్నట్టుండి బుర్రలో దీపం వెలిగింది. నేను తర్కశాస్త్రం చెప్పినవాణ్ణి. ఈ కోపంలో ఆ సంగతే మరిచిపోయాను.

వాళ్లు ఎప్పుడూ నేను చూపించినదానికి వ్యతిరేకం చేస్తారు. ఇది నిశ్చయం. అలాంటప్పుడు, వాళ్లు ఎడమకి వెళ్లాలని నాకుంటే నేను కుడి చూపిస్తే సరి. వాళ్లు మోసం చేశామనుకుంటూనే నా మాట వింటారు. అవతలి వాళ్లు ఎలాగూ కుడివైపే కాస్తారు. గోలు పడుతుంది. ఆ గోలు అచ్చంగా నాది.

పాత సంకేతాలు మార్చనని మా ఆవిడకి చెప్పాను. కడుపునిండా తిన్నాను. ఆవిడ మాత్రం నన్ను అదోలా చూస్తూనే ఉంది.

నవంబరు 21

రేపే ఆట. వారం నుంచి ప్రాక్టీసు పొడుగునా గొడుగు చంకలో పెట్టుకుని ఆటనే చూస్తున్నాను. ఇదివరకు నా దృష్టంతా గొడుగు మీదే ఉండేది, ఆట మీద అంతగా పెట్టలేదు. చూడగా చూడగా, బంతి ఉన్నచోటు కంటే బంతి లేనిచోటే ముఖ్యమని తోస్తోంది. ఈ విషయం పుస్తకంలో లేదు.

నవంబరు 22

ఓడిపోయాం. ఒకే ఒక్క గోలు తేడా.

ఇది ఎవరికీ చెప్పలేను. ఇక్కడే రాయాలి.

ఆట మొదలైన కాసేపటికే ఏదో తేడాగా అనిపించింది. కెప్టెన్ నా వంక చూస్తున్నాడు. సీజనంతా వాళ్ల చూపు నా గొడుగు మీద ఇలా వాలి అలా ఎగిరిపోయేది. ఇవాళ మాత్రం బంతి కాలికి తగిలిన ప్రతిసారీ ఆగి, తల తిప్పి, తిన్నగా చూశాడు. అతనే కాదు, అందరూ. నేను కుడి భుజం మీద పెడితే కుడికే వెళ్లారు. అక్కడ అవతలి వాళ్లు కాచుకుని ఉన్నారు. పొరపాటనుకున్నాను. ఎడమ పెట్టాను. ఎడమకే వెళ్లారు. ఒళ్లో అడ్డంగా పెడితే తిన్నగా మధ్యలోకి వెళ్లి గోడని గుద్దుకున్నట్టు గుద్దుకున్నారు. నాకు అప్పుడైనా వెలిగి ఉండాల్సింది. వెలగలేదు. నా తర్కం మీద నాకు అంత నమ్మకం. ఇంకా గట్టిగా చూపిస్తే సరిపోతుందనుకున్నాను.

చాలాసేపు ఎవరికీ గోలు పడలేదు. చివరికొచ్చేసరికి అవతలి ఆటగాడొకడు పిక్క పట్టేసి కూలబడ్డాడు. మనకు ఎడమవైపు మైదానమంతా ఖాళీ. గోలు దాకా అడ్డుకునే మనిషి లేడు. నా జీవితంలో ఏ విషయాన్నీ అంత స్పష్టంగా చూడలేదు. బంతి కెప్టెన్ దగ్గరుంది. వాళ్లు ఎడమకి వెళ్లాలి. అందుకని గొడుగు కుడి భుజం మీద పెట్టాను. కుర్చీలోంచి సగం లేచి మరీ పెట్టాను.

కెప్టెన్ ఆ ఖాళీని చూశాడు. తరవాత నన్ను చూశాడు. మళ్లీ ఆ ఖాళీ వంక ఒకసారి చూసి, నావైపు తిరిగి తల ఊపాడు. ఊపి, కుడికి వెళ్లాడు. అక్కడ ఐదుగురున్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. గొంతు దాకా వచ్చింది కేక. నోరు విప్పితే ఫ్రీ కిక్. నోరు మూసుకుని గొడుగు ఎడమ భుజం మీదకి మార్చాను. వాళ్లు దాన్ని కూడా చూశారు. పరిగెడుతున్న వాళ్లు పరిగెడుతున్నట్టే ఎడమకి తిరిగారు. తిరిగినవాళ్లు తిరగనివాళ్ల మీద పడ్డారు. సగం జట్టు ఒకరి మీద ఒకరు కుప్పగా పడి ఉండగా అవతలివాడు బంతి పట్టుకుపోయి గోలు కొట్టాడు. మన గోల్‌కీపర్ ఆ సమయంలో కూడా నా గొడుగు వంకే చూస్తున్నాడు.

సాయంత్రం కెప్టెన్ ఇంటికి వచ్చాడు. మోచెయ్యి దోక్కుపోయింది. మెట్ల మీదే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"సార్, మీరు అన్నం మానేశారని అమ్మగారు చెప్పారు. మాకు చాలా సిగ్గేసింది. సీజనంతా మీకు చెప్పకుండా మా ఇష్టమొచ్చినట్టు ఆడాం. ఇవాళ కమిటీ వాళ్లు చూస్తారు, ఇవాళొక్కరోజైనా మీరు చెప్పింది చెప్పినట్టు చేద్దామని అందరం ఒట్టు పెట్టుకున్నాం. మేం సరిగ్గా చేయలేకపోయాం సార్. మీ పోస్టు పోయేట్టు చేశాం."

ఒక్క మాట చెబితే అతని బరువు దిగిపోయేది. నేను మిమ్మల్ని ఎడమకి పంపించాలనే కుడి చూపించాను, మిమ్మల్ని ఏమార్చబోయాను అని చెప్పాలి. నోరు తెరిచాను. "బాగా ఆడారు నాయనా. తప్పు నాదే," అన్నాను. అతను దాన్ని నా పెద్దమనసనుకున్నాడు. కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

వాళ్లు నా కోసం గెలుపు వదిలేసుకున్నారు. మా ఆవిడ నా కోసం సొంత తమ్ముడి దగ్గర కూడా నోరు విప్పలేదు. ఆ గోలు నాదనిపించుకోవడానికి నేను చేసిన పని ఇది. సిగ్గుగా ఉంది.

నవంబరు 23

ఆదివారం. బావమరిది భోజనానికి రాలేదు. గెలిచినవాడు రాకపోవడం మర్యాదే. మా ఆవిడ అటకెక్కి పెట్టెలు దించింది. నేను కింద నిలబడి అందుకున్నాను. ఇద్దరం మేడ గది మాట ఎత్తలేదు.

నవంబరు 25

కమిటీ పిలిచింది. ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టారు. గొడుగు అలవాటు కొద్దీ పట్టుకెళ్లాను. చంకలో ఉంచాను.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "నేను నిజం చెబుతానండీ. పోయినసారి వీళ్ల ఆట చూసి ఈ పోస్టు దండగన్నాను. గెలిచారు, నిజమే. కానీ ఆయన ఒకటి చూపిస్తే వాళ్లు ఒకటి చేశారు. అది ఆటా? మొన్న చూశాను. ఆహా. గొడుగు ఎటు తిరిగితే పిల్లలు అటు తిరిగారు. చివర్లో భుజం మార్చగానే పరుగులో ఉన్నవాళ్లు కూడా ఆగి తిరిగారు, కిందపడి దెబ్బలు తగిలినా సరే. మన గోల్‌కీపర్ అయితే గోలు పడుతున్నా సరే మాస్టారి మీంచి చూపు తిప్పలేదు. క్రమశిక్షణంటే అదీ. గెలుపు ఓటమిదేముంది, రేపు ఉద్యోగాల్లో చేరాక ఈ పిల్లలకి కావలసింది చెప్పిన మాట వినడమే కదా."

అందరూ తలలాడించారు. పోస్టు శాశ్వతం. క్వార్టరు మాదే.

నేను లేచి నమస్కారం పెట్టాను. ప్రిన్సిపాలు గారు బయటిదాకా వచ్చి, "చూశారా, నేను కిటికీలోంచే కనిపెట్టాను," అన్నారు.

వసారాలో పదకొండు మందీ నిలబడి ఉన్నారు. కబురు వాళ్లకి ముందే తెలిసిపోయింది. కెప్టెన్ ముందుకొచ్చి, "ఇకమీదట మీ మాటే సార్. మీరు చూపించినవైపే వెళ్తాం," అన్నాడు. అతను అబద్ధం చెబుతున్నప్పుడు ఎలా ఉంటాడో నాకు ఇప్పుడు బాగా తెలుసు. ఇవాళ చెప్పింది అబద్ధం కాదు. నా గుండెల్లో రాయి పడింది.

నవంబరు 26

పెట్టెలు మళ్లీ అటకెక్కించాం.

నవంబరు 30

బావమరిదికి నేనే కబురు పెట్టాను. భోజనానికి ముందు రమ్మన్నాను. పెరట్లోకి తీసుకెళ్లి, "నాకు ఈ ఆట మొదటి నుంచి నేర్పించు," అన్నాను.

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చొక్కా చేతులు మడుచుకున్నాడు. బంతి చేత్తో నొక్కి చూసి, తోలుతాడు విప్పి, నోటితో ఇంకాస్త గాలి ఊది బిగించి కట్టాడు. కడుతూ, "ఒకటి అడగనా బావా?" అన్నాడు. 'గారూ' లేదు.

"అడుగు."

"చివర్లో మావాడు పిక్క పట్టేసి కూలబడ్డాడు చూడండి. మీకు ఎడమవైపంతా ఖాళీ. మా పని అయిపోయిందనుకుని నేను తల పట్టుకున్నాను. మీరేమో కుడి భుజం మీద పెట్టారు. ఆ ఖాళీ మీకు కనబడలేదా?"

మెట్ల మీద మా ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్లో కుట్టాల్సిన చొక్కాలున్నాయి.

"కనబడింది," అన్నాను.

"మరి?"

నేను గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. వాడు గొడుగు వంక, నా మొహం వంక చూశాడు. వాడికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. వాడి తెలివంతా పిక్కల్లోనే ఉందని ఇదివరకు రాశాను. ఆ మాట కొట్టేస్తున్నాను.

"ఆ ఖాళీ అంత దూరం నుంచి కనబడితే మీకు సగం ఆట వచ్చేసినట్టే," అన్నాడు వాడు. "మా కాలేజీలో రెండేళ్లు ఆడినవాళ్లకి కూడా కనబడదు. మిగతా సగం తన్నడమే. రండి."

బంతి నా ముందు పెట్టాడు. గొడుగు మా ఆవిడకి ఇచ్చాను. పంచె ఎగ్గట్టుకున్నాను. నా జీవితంలో మొదటిసారి బంతిని తన్నాను. ఎడమవైపు గోడకి గురి చూసి తన్నాను. అది కుడివైపు పోయి మా ఆవిడ కాళ్ల దగ్గర ఆగింది. బొటనవేలు వాచిపోయింది. ఆవిడ బంతిని నావైపు దొర్లించింది.

రేపు ప్రాక్టీసు. నేను ఏ భుజం మీద గొడుగు పెడితే అటే వెళ్తారు. పదకొండు మందీ. వీళ్లు నా మాట విననంతకాలం నాకు ఏ భయమూ ఉండేది కాదు. వేలికి కట్టు కట్టించుకుని మళ్లీ పెరట్లోకి వెళ్తున్నాను. బావమరిది ఇంకా అక్కడే ఉన్నాడు.